తక్కువ జీపీఏ ఉన్న పిల్లల తల్లిదండ్రులూ, ఈ మెడికల్ స్కూల్ కన్సల్టెంట్‌తో జాగ్రత్త

మీ అబ్బాయికో అమ్మాయికో డిగ్రీలో జీపీఏ తక్కువ వచ్చి, అయినా మెడికల్ స్కూల్‌కి అప్లై చేయాలనుకుంటుంటే, డాలస్ దగ్గర ఫ్రిస్కో, ప్లేనో వైపు మనవాళ్ల ఇళ్లలో సెమినార్లు పెట్టే ఆ కన్సల్టెంట్‌కి ఒక్క డాలర్ కూడా కట్టకండి. పేరు రాయడం లేదు. లో జీపీఏ స్పెషలిస్ట్ అంటే ఇక్కడ చాలామందికి ఎవరో తెలిసిపోతుంది. పండగ ఈవెంట్లలో స్టాల్ పెట్టి, తెల్లకోట్లు వేసుకున్న పిల్లల ఫొటోలతో పెద్ద బ్యానర్ కడతాడే, ఆయనే. నిన్న రాత్రి మా అమ్మాయిని మా ముందే ఆయన అన్న మాటలకి నాకు నిద్ర పట్టలేదు. ఇంకో పిల్ల ఆ మాటలు పడకూడదని రాస్తున్నాను.

ముందు సంగతి గబగబా చెప్పేస్తాను. మా అమ్మాయి టెక్సస్‌లోనే బయాలజీ డిగ్రీ చేసింది. మొదటి రెండేళ్లు మా ఇంట్లో పరిస్థితి బాగాలేదు, మా ఆయన ఆరోగ్యం, ఆస్పత్రులు, అదంతా ఇక్కడ వద్దు. ఆ రెండేళ్లలో ఆర్గానిక్ కెమిస్ట్రీలో, ఫిజిక్స్‌లో, ఇంకో రెండు సబ్జెక్టుల్లో సీ గ్రేడ్లు వచ్చాయి. తర్వాత కోలుకుని బాగానే చదివింది కానీ 120 క్రెడిట్ల డిగ్రీ చివరికి నాలుగుకి 3.1 దగ్గర ఆగింది. మెడికల్ స్కూల్ ప్రవేశ పరీక్ష ఎంక్యాట్‌లో మాత్రం 512 తెచ్చుకుంది. సీటు వచ్చినవాళ్ల సగటే 512 దగ్గర ఉంటుంది కాబట్టి పిల్లకి తెలివి లేక కాదు. కానీ సీటు వచ్చినవాళ్ల సగటు జీపీఏ 3.8 దగ్గర. ఆ తేడా చూసే మాకు భయం. ఆ భయంతోనే ఆయన దగ్గరికి వెళ్లాం.

మొదటి మీటింగ్‌లో ట్రాన్స్‌క్రిప్ట్ మొత్తం ఆయన చేతిలో పెట్టాం. ప్రతి సీ గ్రేడ్ చూశాడు. చూసి, "అక్కా, 3.1 నాకు సమస్యే కాదు. ఇంతకంటే తక్కువ వాళ్లని ఎక్కించాను. ఈ అమ్మాయి నా మేనకోడలు అనుకోండి, మీరు టెన్షన్ పెట్టుకోకండి" అన్నాడు. ఏడు వేల డాలర్లు కట్టాం. బోర్డు మీద లెక్క వేసి చూపించాడు. సీ వచ్చిన కోర్సులు, అన్నీ కలిపి 24 క్రెడిట్లు, కమ్యూనిటీ కాలేజీలో మళ్లీ చదివి ఏ తెచ్చుకుంటే పాత గ్రేడ్లు పోతాయి, జీపీఏ సరిగ్గా మూడున్నర అవుతుంది అన్నాడు. వ్యాసాలు కూడా మా వాళ్లే రాసిపెడతారు, దానికి ఇంకో ప్యాకేజీ ఉంది అన్నాడు. మా అమ్మాయి అది ఒప్పుకోలేదు. పర్సనల్ స్టేట్‌మెంట్ నా మాటల్లోనే ఉండాలి, నేనే రాస్తాను అంది. అప్లికేషన్ చివర ఇదంతా నా సొంత రాతే అని ధ్రువీకరించాలని కూడా అదే మాకు చెప్పింది. ఎవరైనా రాసిచ్చింది పెడితే, బయటపడినప్పుడు పోయేది మన పిల్ల భవిష్యత్తే కానీ రాసిచ్చినవాడిది కాదు.

ఆ ఏడాది మా అమ్మాయి పడ్డ కష్టం చూసింది నేను. రాత్రిళ్లు ఎమర్జెన్సీ రూమ్‌లో స్క్రైబ్ ఉద్యోగం. డాక్టర్ వెంట తిరుగుతూ ఆయన చెప్పిందంతా టైప్ చేస్తూ నిలబడే డ్యూటీ. పొద్దున ఇంటికొచ్చి కాసేపు పడుకుని మళ్లీ క్లాసు, ల్యాబ్. ఆర్గానిక్ రెండు భాగాలు, ఫిజిక్స్ రెండు భాగాలు, కెమిస్ట్రీ, బయాలజీ, ల్యాబులతో సహా అన్నిటిలో ఏ వచ్చింది. ఒక్కటంటే ఒక్కటి తగ్గలేదు. ఫోన్ చేసి చెబితే ఆయన "సూపర్, మూడున్నర కొట్టేశాం" అన్నాడు.

అప్లికేషన్ పంపాం. ఎండీ స్కూళ్లకి మెడికల్ కాలేజీల సంఘం ఏఏఎంసీ వాళ్లు నడిపే ఆమ్‌కాస్ అనే అప్లికేషన్ సర్వీసు ద్వారా, మన టెక్సస్ స్కూళ్లకి విడిగా ఉన్న టీఎండీఎస్ఏఎస్ సర్వీసు ద్వారా. ఆమ్‌కాస్ వాళ్లు ట్రాన్స్‌క్రిప్ట్ తెప్పించుకుని, ప్రతి కోర్సూ సరిచూసి, వాళ్ల లెక్కతో ఒక జీపీఏ పట్టిక ఇస్తారు. ఏ సంవత్సరానికి ఎంత, డిగ్రీ తర్వాత చదివినవాటికి ఎంత, సైన్సు, లెక్కల సబ్జెక్టులకి విడిగా ఎంత, అన్నీ అందులో ఉంటాయి. ఈ వారం ఆ పట్టిక వచ్చింది. మొత్తం జీపీఏ 3.25.

మా అమ్మాయి పొరపాటు పడ్డారేమో అనుకుని కాగితం తీసుకుని కూర్చుంది. పొరపాటు ఏమీ లేదు. ఆమ్‌కాస్‌లో పాత గ్రేడ్ పోదు. మళ్లీ చదివితే పాత సీ, కొత్త ఏ రెండూ లెక్కలోకి వస్తాయి. 120 క్రెడిట్లకి 3.1 చొప్పున 372 పాయింట్లు, కొత్త 24 క్రెడిట్లకి 96 పాయింట్లు, మొత్తం 468. దాన్ని 144తో భాగిస్తే 3.25. అంతే. ఐదో తరగతి పిల్లలు చేసే లెక్క. టీఎండీఎస్ఏఎస్ కూడా రెండు గ్రేడ్లూ లెక్కపెడుతుంది. పాత గ్రేడ్ తీసేసే పద్ధతి డీఓ స్కూళ్ల (ఎండీ లాగే డాక్టర్లని తయారుచేసే ఆస్టియోపతిక్ స్కూళ్లు) అప్లికేషన్ సర్వీసు ఆకోమాస్‌లో ఒకప్పుడు ఉండేది, అది కూడా 2017లో ఎత్తేశారు. ఎన్నో ఏళ్ల కింద పోయిన రూలు చెప్పి, స్పెషలిస్ట్‌నని బోర్డు పెట్టుకుని, ఈ మనిషి ఇప్పటికీ మనవాళ్ల దగ్గర వేలకి వేలు తీసుకుంటున్నాడు.

మళ్లీ చదవడం మొత్తానికి దండగ అనడం లేదు. ఆ ఏ గ్రేడ్లు పిల్ల కోలుకుందని చూపిస్తాయి. కానీ నిజం ముందే తెలిసుంటే అదే ఏడాదిలో, అదే కష్టంతో, నాలుగేళ్ల యూనివర్సిటీలో బయోకెమిస్ట్రీ, ఫిజియాలజీ, సెల్ బయాలజీ లాంటి పై స్థాయి కోర్సులు తీసుకునేది. కమ్యూనిటీ కాలేజీలో మళ్లీ చదివిన కింది స్థాయి సబ్జెక్టుల కంటే వాటికి చాలా స్కూళ్లలో ఎక్కువ విలువ ఉంటుంది. ఏ స్కూళ్లకి అప్లై చేయాలో జాబితా కూడా 3.5 అనుకుని వేసుకున్నాం. ఆమ్‌కాస్‌లో మొదటి స్కూల్ తర్వాత ప్రతి స్కూల్‌కీ విడిగా డబ్బు కట్టాలి, ఆపైన ఒక్కో స్కూల్ విడిగా అడిగే సెకండరీ వ్యాసాలు పంపినప్పుడు ఒక్కో స్కూల్ మళ్లీ ఫీజు అడుగుతుంది. జీపీఏ కటాఫ్ ఎక్కువ ఉన్న స్కూళ్లకి కట్టిన డబ్బంతా పోయినట్టే.

ఇక నిన్నటి కాల్.

జూమ్‌లో నేను, మా ఆయన, అమ్మాయి కూర్చున్నాం. పట్టిక స్క్రీన్ మీద పెట్టి, మూడున్నర అన్నారు కదండీ, ఇదేంటి అని నేనే అడిగాను. గట్టిగా కూడా అడగలేదు. ఆయన పట్టిక వైపు చూడనైనా చూడలేదు. "చూడండి మేడమ్" అని మొదలుపెట్టాడు. డబ్బు కట్టేదాకా అక్కని, ఇప్పుడు మేడమ్‌ని. "చూడండి మేడమ్, 3.1 పెట్టుకుని అమెరికాలో డాక్టర్ అవుదామనుకోవడమే అత్యాశ. మీ అమ్మాయికి ఆ కెపాసిటీ లేదు. ఉంటే మొదటిసారే ఏ వచ్చేది కదా. నా దగ్గరికి వచ్చే పిల్లల్ని చూస్తే నాకు తెలిసిపోతుంది" అన్నాడు.

పిల్ల అక్కడే ఉంది. కెమెరాలో కనబడుతూనే ఉంది. రాత్రి డ్యూటీ చేసి వచ్చి అన్ని సబ్జెక్టుల్లో ఏ తెచ్చుకున్న పిల్లని పట్టుకుని, ఆ 3.1 చూసే ఏడు వేలు తీసుకున్న మనిషి, ఆ 3.1 చూపించే కెపాసిటీ లేదు అన్నాడు. మా ఆయన లేచి నిలబడ్డారు. అమ్మాయి ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, తనే అడిగింది. "అంకుల్, నా ట్రాన్స్‌క్రిప్ట్ మీరు మొదటి రోజే చూశారు. కెపాసిటీ లేదని ఆ రోజు తెలిస్తే ఆ రోజే చెప్పాలి కదా. గ్రేడ్ పోదని మీకు తెలుసా, తెలియదా?" అంది. ఆయన జవాబు చెప్పలేదు. రూల్స్ మారుతుంటాయమ్మా అని గొణిగి, వెంటనే ఇంకో స్లైడ్ తెరిచాడు.

ఆ స్లైడ్ కరేబియన్ మెడికల్ కాలేజీది. ఈ వారం డిపాజిట్ కడితే జనవరి బ్యాచ్‌లో సీటు ఖాయం, ఎంక్యాట్ కూడా పెద్దగా చూడరు, ఎండీ డిగ్రీయే కదా అన్నాడు. అప్పుడు అర్థమైంది నాకు, మొదటి నుంచీ మమ్మల్ని ఎటు తీసుకెళ్తున్నాడో. ఇక్కడ సీటు రాకపోతేనే అక్కడి సీటు అమ్మగలడు. అక్కడ చదివి మంచి డాక్టర్లు అయినవాళ్లు మనలోనే ఉన్నారు, వాళ్లని తక్కువ చేయడం లేదు. కానీ ఆయన చెప్పని మాట ఒకటుంది. మెడికల్ స్కూల్ అయ్యాక ఆస్పత్రుల్లో శిక్షణ సీట్లు కేటాయించే రెసిడెన్సీ మ్యాచ్‌లో, 2024లో ఇక్కడి ఎండీ స్కూళ్ల ఫైనలియర్ వాళ్లకి 93 శాతం పైన సీట్లు దొరికితే, విదేశాల్లో చదివి వచ్చిన అమెరికా పౌరులకి 67 శాతం దగ్గరే దొరికాయి. మధ్యలో ఆగిపోయి మ్యాచ్ దాకా రానివాళ్లు ఆ లెక్కలోనే లేరు. అప్పు మాత్రం ఆగిపోయినవాళ్లకీ ఉంటుంది. ఇరవై మూడేళ్ల పిల్ల తల మీద అంత అప్పు పెట్టే నిర్ణయం ఈ వారంలో తీసుకోవాలట.

డబ్బు వెనక్కి ఇవ్వమని మా ఆయన అడిగితే కాంట్రాక్ట్ చదువుకోండి అన్నాడు. చదివాం. ఫలితానికి ఏ హామీ లేదని రాసి ఉంది. గ్యారంటీ అని ఆయన నోటితో అన్నది అందులో ఎక్కడా లేదు. రీఫండ్ కావాలంటే ముప్పై స్కూళ్లకి అప్లై చేయాలి, ప్రతి సెకండరీ రెండు వారాల్లో వాళ్ల చేత దిద్దించుకుని పంపాలి, ప్రతి ఇంటర్వ్యూకీ వాళ్ల దగ్గరే ప్రాక్టీస్ తీసుకోవాలి, వాటన్నిటికీ మళ్లీ డబ్బు. మేం ఇంకా మాట్లాడుతుండగానే కాల్ కట్ చేశాడు. పొద్దున చూస్తే వాళ్ల గ్రూపులోంచి మా ఇద్దరినీ తీసేశారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను, ఆ గ్రూపులో ఉన్నవాళ్లకి మా మాట చేరదు కాబట్టి.

ఈ పొద్దున అమ్మాయి తను చదివిన యూనివర్సిటీలో మెడికల్ స్కూల్‌కి వెళ్లేవాళ్లకి దారి చూపే ప్రీ హెల్త్ ఆఫీసుకి ఫోన్ చేసింది. డిగ్రీ అయిపోయినా పాత విద్యార్థులకి అక్కడ ఉచితంగానే సలహా ఇస్తారట. ఒక్క పైసా తీసుకోకుండా అక్కడి సలహాదారు ఆవిడ చెప్పింది వింటుంటే నాకు కడుపు మండిపోయింది. 3.25కి 512 ఉంటే తలుపులు మూసుకుపోలేదంది. ఏఏఎంసీ వెబ్‌సైట్‌లో జీపీఏ, ఎంక్యాట్ రెండూ కలిపి చూపించే పట్టిక ఉంది, ఏ గడిలో ఎంతమంది అప్లై చేశారో, ఎంతమందికి వచ్చిందో ఎవరైనా చూసుకోవచ్చు, అది కూడా ఉచితం. మొత్తం అప్లై చేసినవాళ్లలోనే సగం కంటే తక్కువ మందికి సీటు వస్తుంది, జీపీఏ తగ్గేకొద్దీ ఇంకా తగ్గుతుంది, ఆ నిజం ఆవిడ దాచలేదు. కానీ మొదటి రెండేళ్లకీ తర్వాతి ఏళ్లకీ మధ్య మెరుగుదల కనబడుతోంది, అదే నీ కథ, ఆ రెండేళ్లలో ఏమైందో సూటిగా రాయి అంది. డీఓ స్కూళ్లు జాబితాలో తప్పకుండా పెట్టమంది. ఇక్కడి డీఓ డాక్టర్లు ఎండీలతో పాటు ఒకే మ్యాచ్‌లో ఉంటారు, 2024లో వాళ్ల ఫైనలియర్‌వాళ్లకీ 92 శాతం పైన సీట్లు దొరికాయి. మనవాళ్లలో ఇప్పటికీ డీఓ అంటే మొహం చిట్లించేవాళ్లున్నారు, దయచేసి మానండి.

టెక్సస్‌లో ఉన్నవాళ్లకి ఇంకో సంగతి. ఇక్కడి ప్రభుత్వ మెడికల్ స్కూళ్లలో బయట రాష్ట్రాలవాళ్లకి పది శాతం దాటి సీట్లు ఇవ్వరు, పైగా టీఎండీఎస్ఏఎస్‌లో ఎన్ని స్కూళ్లకి పెట్టినా ఫీజు ఒకటే. మేం దానికి చివరి చోటు ఇచ్చాం, ఆ మనిషి మాట విని.

ఈసారి రాకపోతే ఏం చేయాలో కూడా ఆవిడే చెప్పింది. పోస్ట్ బ్యాక్ కోర్సులు, అంటే డిగ్రీ అయ్యాక మళ్లీ తీసుకునే డిగ్రీ స్థాయి కోర్సులు, డిగ్రీ జీపీఏలోనే కలుస్తాయి. మెడికల్ స్కూల్‌కి వెళ్లాలనుకునేవాళ్ల కోసం ఉండే స్పెషల్ మాస్టర్స్‌లో వచ్చే జీపీఏ ఆమ్‌కాస్‌లో విడిగా చూపిస్తారు, డిగ్రీ జీపీఏని పెంచదు, కానీ మెడికల్ స్కూల్ స్థాయి సబ్జెక్టులు తట్టుకోగలదని రుజువు అవుతుంది. ఖర్చు ఎక్కువ, అక్కడ కూడా గ్రేడ్లు రాకపోతే ఇంకా నష్టం. కాబట్టి చేరేముందు ఆ ప్రోగ్రామ్ నుంచి ఎంతమంది మెడికల్ స్కూల్‌కి వెళ్లారో వాళ్లనే అడగాలి. ఇవన్నీ ఏడు వేల డాలర్ల మనిషి మాకు ఒక్కసారి కూడా చెప్పలేదు.

డబ్బు కట్టబోయేవాళ్లకి చెప్పేది ఇంతే. ఎవరు ఏ రూలు చెప్పినా ఆమ్‌కాస్, టీఎండీఎస్ఏఎస్, ఆకోమాస్ సైట్లలో ఉన్న రూల్స్‌తో సరిచూసుకోండి. నోటితో ఇచ్చిన హామీ కాంట్రాక్ట్‌లో రాయమనండి, రాయనంటే లేచి వచ్చేయండి. కార్డు మీద కట్టినవాళ్లు బ్యాంకుకి ఫోన్ చేసి డిస్ప్యూట్ పెట్టండి, మేం ఈ రోజే పెట్టాం. ఆ కాంట్రాక్ట్ పేజీలు నా దగ్గర ఉన్నాయి. ఆయన సెమినార్ ఈ నెలలో ఇంకోటి ఉందని విన్నాను, వెళ్దామనుకునేవాళ్లు అడిగితే ముందే పంపిస్తాను.