హారర్ కథకు ఏ బొమ్మ మేలు: రాక్షసుడిదా, ఖాళీ గదిదా?

హారర్ రాయడం మొదలుపెట్టినవాళ్లు తరచూ అడిగే మాట: ఊహ కదలాలంటే ఎలాంటి బొమ్మలు చూడాలి? అడిగేటప్పటికే వాళ్ల ఫోన్‌లో వికృతాకారాలకు పేరుపడ్డ చిత్రకారులు బెక్షిన్‌స్కీ, గీగర్ బొమ్మలు బోలెడు ఉంటాయి. తప్పేం లేదు. 1979 నాటి 'ఏలియన్' సినిమాలో ఆ ప్రాణి గీగర్ వేసిన ఒక బొమ్మలోంచే పుట్టింది. కాకపోతే అది సినిమా. తెర మీద ఆకారం ఆకారంగానే కనిపిస్తుంది.

చిక్కు వచ్చేది కాగితం మీదే. బొమ్మ మొత్తం ఒక్క చూపులో కంటపడుతుంది. కథలో అదే ఆకారం మాట వెంట మాటగా రావాలి. పళ్లు చెప్పి, చర్మం చెప్పి, వేళ్ల దాకా వెళ్లేసరికి పాఠకుడు భయం మరిచిపోయి అవయవాలు లెక్కపెట్టుకుంటూ ఉంటాడు. అందుకే నేను బొమ్మలో చూసేది ఎంత భయంకరంగా ఉందన్నది కాదు, ఏం చెప్పకుండా వదిలేసిందన్నది.

దీనికి స్పెయిన్ చిత్రకారుడు గోయాను మించిన ఉదాహరణ లేదు. 1819–1823 మధ్య మాడ్రిడ్ శివార్లలోని తన ఇంటి గోడల మీద ఆయన వేసుకున్న 14 'నల్ల చిత్రాలు' ఇప్పుడు ప్రాడో మ్యూజియంలో ఉన్నాయి. వాటిలో కొడుకుని తింటున్న రోమన్ దేవుడు శాటర్న్ బొమ్మ అందరికీ తెలుసు. దాన్ని కథగా రాయబోతే ఒక్క వాక్యంలో అయిపోతుంది, మిగిలేది నెత్తురు వర్ణన. అదే వరసలో ఒక కుక్క బొమ్మ ఉంది. కింద నల్లటి వాలు, దాని వెనక నుంచి తల మాత్రమే కనిపిస్తుంది. పైనంతా మాసిన పసుపు ఖాళీ. కుక్క పైకి చూస్తోంది. దేన్ని? మునిగిపోతోందా, దాక్కుందా? ఈ ప్రశ్నల దగ్గరే కథ మొదలవుతుంది.

శాటర్న్‌కి అన్యాయం చెయ్యకూడదు. ఆ కళ్లు చూడండి, తింటున్నవాడే బెదిరిపోయి ఉన్నాడు. నోరు వదిలేసి ఆ చూపు పట్టుకుంటే అక్కడా కథ దొరుకుతుంది. (అన్నట్టు, ఆ నల్ల చిత్రాల పేర్లేవీ గోయా పెట్టినవి కావు. బెక్షిన్‌స్కీ అయితే తన బొమ్మలకు పేర్లే పెట్టలేదు. ఏ బొమ్మైనా ముందు పేరు చదవకుండా చూడండి.)

నా ఓటు మాత్రం డెన్మార్క్ చిత్రకారుడు హామర్‌షోయ్‌కి. భయపెట్టాలని గీసిన మనిషే కాదు. 1898 నుంచి 1909 దాకా కోపెన్‌హాగన్‌లో తానున్న ఇంటి గదుల్నే మళ్లీ మళ్లీ వేశాడు. బూడిదరంగు గోడలు, తెరిచి ఉన్న తలుపులు, కొన్నిట్లో వీపు తిప్పి నిలబడ్డ భార్య. ఒక తలుపులోంచి ఇంకో తలుపు కనిపిస్తుంది, మనిషి జాడ ఉండదు. ఇన్ని తలుపులు ఎవరు తీశారు, ఎందుకు మూయలేదు అని అడుగుతూ పోతే చాలు. పాఠకుడికి వర్ణించాల్సింది ఒక గది, అంతే. మిగతాది అతనే కల్పించుకుంటాడు.

ఇక మిగిలినవి. చిత్రకారుడు ఫ్యూజెలీ 1781లో వేసిన 'ది నైట్‌మేర్' నిద్రలో గుండెల మీద బరువు కూర్చునే కథలకు పనికొస్తుంది. పాతకాలపు డచ్ చిత్రకారుడు బాష్ వేసిన నరకంలో జనం ఎక్కువ, కన్ను ఒకచోట నిలవదు. ఏఐ గీసిచ్చే దెయ్యాలు ఎక్కడో చూసినట్టే ఉంటాయి, వదిలేయండి.

దేహమే వికారంగా మారిపోయే కథ రాస్తుంటే మాత్రం నా మాట పక్కనపెట్టి గీగర్ దగ్గరికే వెళ్లండి. అక్కడ ఖాళీ గదులు ఏమాత్రం సాయం చెయ్యవు.