చేతి కదురు: నెల రోజులు వడికాక నా మాట

ఇరవై ఏళ్ళుగా బడిలో చరిత్ర చెబుతున్నాను. ఒకేసారి చాలా పోగులు వడికే యంత్రం స్పిన్నింగ్ జెన్నీ బొమ్మ బోర్డు మీద ఎన్నిసార్లు గీశానో! కానీ దారం ఎలా పుడుతుందో నా వేళ్ళకు తెలియదు. అందుకే ఈ చెక్క కదురు తెప్పించుకున్నాను: జానెడున్నర పుల్ల, అడుగున గుండ్రటి బిళ్ళ, కొసన కొక్కెం. దాంతోపాటు ఏకిన ఉన్ని కొంత.

పుల్లను తిప్పి వదిలితే బిళ్ళ బరువుకు గిర్రున తిరుగుతుంది. ఆలోగా వేళ్ళ సందునుంచి ఉన్నిని కొంచెం కొంచెంగా వదలాలి. పురి చాలకపోతే దారం విడిపోయి కదురు నేల మీద పడుతుంది. ఎక్కువైతే దారం మెలికలు తిరిగిపోతుంది. వారం రోజులు పడటమే సరిపోయింది. తెగిన దారాన్ని ఎలా కలపాలో ఇచ్చిన కాగితంలో లేదు, అది పెద్ద లోటు. కొసను పీచులుగా విప్పి, కొత్త ఉన్నితో రెండంగుళాలు కలిపి పట్టుకుని పురి ఎక్కించాలి. పుల్ల కూడా నునుపుగా లేదు. గరుకు కాగితంతో నేనే రుద్దుకున్నాను.

ఇప్పుడు గంటకు 30 మీటర్లు వస్తోంది. 30 సెంటీమీటర్ల చదరపు గుడ్డ, సెంటీమీటరుకు 10 పోగులు అనుకుంటే పడుగూ పేకా కలిపి 180 మీటర్లు. అంటే నా చేతికి ఆరు గంటల పని, నేత ఇంకా మొదలే కాలేదు! రాట్నం రాకముందు వేల ఏళ్ళపాటు ఓడ తెరచాపలకు కూడా నూలు ఇలాగే వచ్చింది. జార్జియా దేశంలోని జుజువానా గుహలో 30 వేల ఏళ్ళకు పైబడిన అవిసె పోగులు దొరికాయి, కొన్నిటికి పురి కూడా ఉంది. ఆ పురి ఎక్కించిన వేళ్ళు ఎవరివో అని ఇప్పుడు రోజూ అనుకుంటాను.

1733లో ఇంగ్లండులో జాన్ కే, పడుగు మధ్యనుంచి పేక దారాన్ని తీసుకెళ్ళే నాడెను తాడుతో పరిగెత్తించాక నేత వేగం పెరిగింది, నూలు అందలేదు. 1760ల్లో హార్‌గ్రీవ్స్ జెన్నీకి 8 కదుళ్ళు ఎందుకు పెట్టాడో పిల్లలకు ఇన్నాళ్ళూ మాటల్లో చెప్పాను. ఈసారి కదురే వాళ్ళ చేతికిస్తాను.

ఉన్నితో నేర్చుకునేవాళ్ళు నిస్సందేహంగా కొనుక్కోవచ్చు. పత్తి వడకాలంటే మాత్రం ఇది వద్దు. పత్తి పీచు పొట్టి, ఈ బిళ్ళ బరువుకు ఆగదు. గిన్నెలో ఆనించి తిప్పే సన్నటి తకిలి చూసుకోండి.