నూక తగ్గించడానికి ఏడు క్వాలిటీ టూల్స్: మిర్యాలగూడ మిల్లులో ఏది పనికొస్తుంది, ఏది రాదు

సీఎంఆర్ (ప్రభుత్వం ఇచ్చిన వడ్లను మిల్లు ఆడించి బియ్యంగా తిరిగి ఇచ్చే పద్ధతి) కింద క్వింటాల్ వడ్లకు 67 కిలోల పచ్చి బియ్యం, లేదంటే 68 కిలోల బాయిల్డ్ బియ్యం అప్పజెప్పాలి. ఏళ్లుగా నడిచిన ప్రమాణాల్లో నూక పచ్చి బియ్యంలో 25 శాతం, బాయిల్డ్‌లో 16 శాతం దాటకూడదు. సాగర్ ఎడమ కాలువ కింద పండి మిర్యాలగూడకు చేరే యాసంగి వడ్లను పచ్చిగా ఆడించి ఈ హద్దులో ఉండటం కష్టమైన పని. ఏప్రిల్, మే ఎండలకు గింజ లోపలే పగుళ్లు పడతాయి, పొట్టు తీసే యంత్రం షెల్లర్‌లో పడగానే గింజలు విరుగుతాయి. జపాన్‌లో కవోరు ఇషికావా ప్రచారంలోకి తెచ్చిన ఏడు క్వాలిటీ టూల్స్‌ను ఈ ఒక్క సమస్య మీదే పెట్టి చూస్తే వాటి బలం, బలహీనత రెండూ తెలుస్తాయి. ఆ ఏడూ ఇవి: చెక్‌షీట్, విభజన, హిస్టోగ్రామ్, కంట్రోల్ చార్ట్, చేపముల్లు బొమ్మ, పరేటో, స్కాటర్ చార్ట్.

ఖర్చు గురించి భయం అక్కర్లేదు. ఒక రిజిస్టర్, గ్రాఫ్ కాగితాలు, 0.1 గ్రాము చూపే చిన్న కాంటా, నూక ఏరే ట్రే ఉంటే చాలు. కంప్యూటర్‌లో చేసుకోవాలంటే ఉచితంగా దొరికే లిబ్రే ఆఫీస్ క్యాల్క్‌లో ఈ చార్టులన్నీ గీయొచ్చు. ప్రత్యేక సాఫ్ట్‌వేర్‌కు డబ్బు పెట్టాల్సిన అవసరం మాకు కనిపించలేదు.

అన్నిటికన్నా విలువైనది చెక్‌షీట్, అంటే కొలిచినప్పుడల్లా అంకెలు రాసుకునే గళ్ల పట్టిక. మిగతా ఆరూ దీని మీదే బతుకుతాయి. అయితే చాలా మిల్లుల్లో పాలిషర్ (బియ్యం మీది తవుడు తీసే యంత్రం) దగ్గర ఒక్క చోటే శాంపిల్ తీస్తారు, దాంతో నూక ఎక్కడ పుట్టిందో తెలియదు. మూడు చోట్ల తీయాలి. మొదటిది, లాట్ దిగగానే 100 వడ్ల గింజలను చేత్తో పొట్టు ఒలిచి వెలుతురులో పట్టి పగిలినవి ఎన్నో లెక్కపెట్టాలి. ఇది గింజతో వచ్చిన నష్టం. రెండోది షెల్లర్ కింద, మూడోది పాలిషర్ కింద, గంటకోసారి 100 గ్రాములు. షెల్లర్ దగ్గర 3 గ్రాములు, పాలిషర్ దగ్గర 15 గ్రాములు వచ్చిందనుకుందాం. అప్పుడు చూడాల్సింది పాలిషర్‌ను, షెల్లర్ రోలర్లను కాదు. పూర్తి గింజలో నాలుగింట మూడొంతుల కన్నా చిన్న ముక్కనే నూకగా తీసుకోవాలి. ఈ గీత అందరికీ ఒకేలా తెలియడానికి నాలుగింట మూడొంతులున్న గింజల నమూనా ఒకటి ట్రేకు అంటించి పెట్టుకోవాలి.

చెక్‌షీట్ చెడేది ఒకే రకంగా. షిఫ్ట్ చివర కూర్చుని ఎనిమిది గళ్లూ ఒకేసారి నింపుతారు. అంకెలన్నీ 14, 14, 14 అని ఉంటే అది కొలత కాదు. దీనికి మందు, శాతం రాయనివ్వకుండా గ్రాములు రాయించడం, ఏరిన నూకను టైం రాసిన కవర్‌లో షిఫ్ట్ మారేదాకా ఉంచడం.

రెండో స్థానం విభజనకు (స్ట్రాటిఫికేషన్) ఇస్తాం. పేరు పెద్దదే గానీ పని తేలిక. ఒకే అంకెల కుప్పను షిఫ్ట్ వారీగా, షెల్లర్ వారీగా, డ్రయ్యర్ బ్యాచ్ వారీగా, వడ్ల రకం వారీగా విడదీసి చూడటం. సన్నాలు, దొడ్డు వడ్లు కలిపి సగటు తీస్తే ఆ సగటు ఏ గింజకూ చెందదు. చెక్‌షీట్‌లో ముందే ఈ గళ్లు లేకపోతే తర్వాత విడదీయలేం, కాబట్టి రిజిస్టర్ గీసే రోజే లాట్ నంబర్, షెల్లర్ నంబర్, రోలర్ మార్చాక ఎన్ని గంటలు నడిచింది అనే గళ్లు పెట్టాలి.

ఏ విలువ ఎన్నిసార్లు వచ్చిందో కడ్డీలుగా చూపే హిస్టోగ్రామ్‌ను నూక కన్నా తేమ మీద వాడితే ఎక్కువ మేలు. కొనుగోలులో తేమ హద్దు 17 శాతం. గేటు దగ్గర తీసిన 50 రీడింగులను అర శాతం మెట్లుగా గీయండి. 17 దగ్గర పెద్ద గుట్ట, దాని తర్వాత ఒక్కసారిగా ఖాళీ కనిపిస్తే అది వడ్ల గుణం కాదు, రాసే చేతి గుణం. 17.3ను 17 అని రాస్తున్నారన్నమాట. రెండు శిఖరాలు కనిపిస్తే ఆరినవీ ఆరనివీ ఒకే బిన్‌లో పోశారు. అలాంటి బ్యాచ్‌ను ఆడిస్తే ఒక భాగం సరిగ్గా, మరో భాగం విరిగి వస్తుంది. డ్రయ్యర్ నుంచి దిగిన వేడి గింజ మీద తేమ మీటర్ అంకెను నమ్మొద్దు, చల్లారాకే చూడాలి. మీటర్‌లో వడ్ల రకం సెట్టింగ్ కూడా సరిచూసుకోవాలి.

ఇక కంట్రోల్ చార్ట్, అంటే రీడింగులను వరసగా చుక్కలు పెట్టి మామూలు ఊగుడు హద్దులను గీతలుగా చూపేది. 1924లో వాల్టర్ షూహార్ట్ ఇచ్చిన ఈ టూల్‌ను మిల్లులో తప్పుగా వాడటమే ఎక్కువ. పుస్తకాల్లో చెప్పే ఐదేసి శాంపిళ్ల సగటు చార్ట్ ఇక్కడ నడవదు. గంటకు ఐదు శాంపిళ్ల నూక ఏరడానికి మనిషి ఉండడు. గంటకు ఒక్క శాంపిల్‌తో నడిచే వ్యక్తిగత విలువల చార్ట్ సరిపోతుంది. ముందు 25 రీడింగులు తీయాలి. పక్కపక్క రీడింగుల తేడాల సగటు తీసి 2.66తో గుణించి, మొత్తం సగటుకు పైనా కిందా గీతలు గీయాలి. సగటు 14, తేడాల సగటు 0.9 అనుకుంటే పై గీత 16.4, కింది గీత 11.6 దగ్గర పడతాయి.

ఇక్కడ రెండు తప్పులు జరుగుతాయి. ఒకటి, బాయిల్డ్‌కు ఉన్న 16 శాతం ప్రమాణాన్నే చార్ట్ మీద పై గీతగా గీసేయడం. ప్రమాణం కొనేవాడిది, ఆ గీత మిషన్‌ది, రెండూ వేరు. పై ఉదాహరణలో మిషన్ మామూలుగా నడుస్తూనే అప్పుడప్పుడు 16 దాటుతుంది. దాన్ని ఆపరేటర్‌ను తిట్టి ఆపలేరు, సగటునే కిందికి దించాలి. రెండోది, ఒక్కో చుక్క పైకి పోగానే రోలర్ల గ్యాప్ తిప్పేయడం. ఊరికే ఊగే ప్రక్రియను ఇలా సర్దితే ఊగడం పెరుగుతుందే తప్ప తగ్గదు. చుక్క గీత దాటితేనో, వరసగా ఎనిమిది చుక్కలు సగటుకు ఒకే వైపు పడితేనో చెయ్యి వేయాలి. చుక్కలు మెల్లగా పైకి ఎక్కుతూ పోతే రబ్బరు రోలర్ అరుగుదల అనుమానించాలి. వేగంగా తిరిగే రోలర్ ముందు అరుగుతుంది, కాబట్టి రెంటినీ అదలాబదలా చేస్తే సమంగా అరుగుతాయి. పొట్టు మొత్తం ఒకే దెబ్బకు తీయాలని గ్యాప్ బిగిస్తే మాత్రం నూక ఖాయం. కొంత పొట్టు మిగలనిచ్చి, ఒలవని వడ్లను వేరు చేసే సెపరేటర్ నుంచి వెనక్కి పంపడమే మేలు.

శిక్షణల్లో అందరూ మొదలుపెట్టేది సమస్యకు కారణాలను ముళ్లుగా గీసే చేపముల్లు బొమ్మతోనే. మా లెక్కలో దానికి ఐదో స్థానమే. మనిషి, మిషన్, సరుకు, పద్ధతి, కొలత, వాతావరణం అని ఆరు ముళ్లు గీసి అందరూ తోచింది రాస్తే అది అభిప్రాయాల జాబితా. ఆ బొమ్మ విలువంతా తర్వాత దేన్ని కొలిచి తేల్చారన్న దాంట్లో ఉంది. ప్రతి ముల్లు పక్కన ‘ఎలా పరీక్షిస్తాం, ఎవరు, ఏ తేదీకి’ అని రాయించాలి. కొలత ముల్లును ఎవరూ పట్టించుకోరు, అదే మొదట చూడాల్సింది. ఒకే పది శాంపిళ్లను ఇద్దరికి, పేరు చెప్పకుండా, రెండేసి సార్లు ఇచ్చి ఏరించండి. ఇద్దరి మధ్య 2 గ్రాముల తేడా వస్తుంటే 1 గ్రాము తగ్గించామన్న మాటకు అర్థం లేదు.

కారణాలను పెద్దదాని నుంచి చిన్నదానికి కడ్డీలుగా పేర్చే పరేటో మంచిదే గానీ దేన్ని లెక్కిస్తున్నారో చూసుకోవాలి. మిల్లు ఎన్నిసార్లు ఆగిందని గీస్తే వడ్లను పైకెత్తే ఎలివేటర్ జామ్ మొదట రావొచ్చు. ఎన్ని నిమిషాలు ఆగిందని గీస్తే బాయిలర్ ముందుకు రావొచ్చు. రెండూ గీసి పక్కపక్కన పెట్టండి. రెండు కొలతల జతలను చుక్కలుగా పెట్టే స్కాటర్ చార్ట్ డ్రయ్యర్ వేగానికీ నూకకూ సంబంధం చూడటానికి ఒకసారి పనికొస్తుంది, 30 జతలైనా ఉండాలి. రోజూ వాడే టూల్ కాదు.

ఏడింటిలో లేని ‘ఐదు ఎందుకులు’ను (అసలు కారణం దొరికేదాకా ‘ఎందుకు’ అని అడుగుతూ పోవడం) కూడా చాలామంది కలిపి నేర్పుతారు. ఎలివేటర్ ఎందుకు జామ్ అయింది? దాని అడుగు భాగమైన బూట్‌లో గడ్డి చేరింది. ఎందుకు చేరింది? ముందు జల్లెడ గడ్డిని ఆపలేదు. ఎందుకు ఆపలేదు? జల్లెడ చిరిగింది. ఇక్కడ ‘ఆపరేటర్ చూసుకోలేదు’ అని రాసి ఆపేస్తారు. ఇంకో మెట్టు దిగితే, వానలో కోసిన హార్వెస్టర్ వడ్లు దిగే రోజుల్లో జల్లెడ ఎన్ని గంటలకోసారి విప్పి చూడాలో ఎక్కడా రాసి లేదని తేలుతుంది. మార్చగలిగేది అదే.

శిక్షణకు ఎవరినైనా పిలిచే మిల్లు యజమానులు ముందే ఒక షరతు పెట్టండి: తరగతి గదిలో ఒక పూట, మిల్లు లోపల రెండు రోజులు, మీ సొంత వడ్ల మీద 25 రీడింగులు, వాటితో గీసిన చార్ట్. గంటకో రీడింగ్ చొప్పున ఎనిమిది గంటల షిఫ్టులు మూడు పూర్తయ్యి నాలుగోది మొదలయ్యేసరికి ఆ 25 వచ్చేస్తాయి.