సౌండ్‌బాక్స్, ప్యాకింగ్ వీడియో, ఓటీపీ డెలివరీ: బాగా వాడి చూశాక నా సమీక్ష

తిరుపతిలో ఇంటి దగ్గర నుంచే శ్రీకాళహస్తి కలంకారీ చీరలు, దుపట్టాలు అమ్ముతుంటాను. సగం వాట్సాప్‌లో పోతాయి, సగం ఒక పెద్ద షాపింగ్ సైట్‌లో. కొనేవాళ్ళు చేసే మోసాల నుంచి తప్పించుకోవడానికి కొన్నేళ్ళుగా వాడుతున్నవాటిలో ఏది పనికొచ్చిందో, ఏది ఉత్త ఆర్భాటమో రాస్తున్నా.

ముందు సౌండ్‌బాక్స్. ఐదుకు మూడు ఇస్తా. డబ్బు పడితేనే అరుస్తుంది కాబట్టి దొంగ స్క్రీన్‌షాట్ పంపినవాళ్ళతో వాదన తప్పుతుంది. పచ్చ టిక్కు, టైము, మన పేరు అన్నీ అచ్చం అసలు యాప్‌లాగే చూపించే నకిలీ యాప్‌లు తిరుగుతున్నాయి, కంటితో చూసి కనిపెట్టడం మన వల్ల కాదు. కానీ ఈ డబ్బా తనకు ముడిపెట్టిన క్యూఆర్‌కి పడిన డబ్బే చెబుతుంది, నా ఫోన్ నంబరుకి నేరుగా పంపిస్తే నోరెత్తదు. పైగా మాదానికి నెలనెలా అద్దె. నేను బయటికెళ్ళినప్పుడు ఆర్డరొస్తే అది ఎవరికి చెప్పినట్టు? అందుకే ఎప్పుడూ బ్యాంకు యాప్ తెరిచి జమ అయిందా లేదా అని చూసుకుంటా. మెసేజ్‌ని కూడా నమ్మను. ఓసారి ఒకాయన, "అక్కా, పొరపాటున వెయ్యికి బదులు పదివేలు కొట్టేశా, తొమ్మిది వేలు తిరిగి పంపక్కా, ఆస్పత్రిలో ఉన్నా" అని ఒకటే హడావుడి. జమ అయినట్టు మెసేజ్ కూడా వచ్చింది, తీరా చూస్తే మామూలు పది అంకెల మొబైల్ నంబరు నుంచి. ఖాతాలో పైసా పడలేదు. "బ్యాంకుకి చెప్పి వెనక్కి తీసుకో నాయనా" అన్నా, మళ్ళీ పలకలేదు.

డబ్బు పంపడానికి తప్ప తీసుకోవడానికి పిన్ కొట్టే పనే లేదు. "డబ్బులేస్తా, ఈ క్యూఆర్ స్కాన్ చెయ్యండి" అన్నారంటే ఫోన్ పెట్టేయండి. యూపీఐలో వ్యక్తుల మధ్య కలెక్ట్ రిక్వెస్టులు, అంటే డబ్బు పంపమని అవతలివాళ్ళు మన యాప్‌కి పంపే అడుగులు, 2025 అక్టోబర్ నుంచి ఆపేశారు గానీ ఈ క్యూఆర్ నాటకం ఇంకా నడుస్తూనే ఉంది.

ఇక ప్యాకింగ్ వీడియో. దీనికి ఐదుకు ఐదు. బల్లకు బిగించి ఫోన్‌ని పైనుంచి కిందికి చూసేలా పెట్టే మామూలు స్టాండు, అంతే ఖర్చు. సైట్‌లో అమ్మిన పెన్ కలంకారీ చీర ఒకటి రిటర్న్ వచ్చింది, మడత విప్పితే స్క్రీన్ ప్రింట్. పెన్ కలంకారీకి గుడ్డను కరక్కాయ, పాలలో నానబెట్టి, బెల్లం, ఇనుము ఊరబెట్టిన కసింతో నల్లగీతలు గీస్తారు, గీత వెనకవైపుకీ దిగుతుంది, కొత్త చీరైతే ముక్కు దగ్గర పెట్టుకుంటే పాల వాసన తెలుస్తుంది. వచ్చినదాని వెనక పాలిపోయి ఉంది, వాసన బట్టల సబ్బుది. ఇదంతా సైట్ వాళ్ళకు రాస్తే ఏం అర్థమవుతుంది, చీర పంపారు, చీరే వచ్చింది కదా అన్నట్టు జవాబిచ్చారు. వీడియో ఉంది కాబట్టి గట్టెక్కాను. పల్లూలో నెమలి కన్ను కాస్త వంకరగా, మెడ మీద గీత మందంగా మొదలై సన్నబడుతూ స్పష్టంగా కనిపిస్తోంది, చేత్తో గీసింది కాబట్టి అదే వంకర ఇంకో చీరకి రాదు. రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి పంపితే డబ్బు వెనక్కి వేశారు, కాకపోతే తిప్పితిప్పి విసిగించారు.

తీసే పద్ధతి ముఖ్యం. మధ్యలో ఆపకుండా ఒకే షాట్‌లో ఆ నెమలి కన్ను లాంటి గుర్తు, తూకం, కవరు మీద నంబరు, అతికించడం, అడ్రసు లేబులు అన్నీ రావాలి. చింపితే తప్ప ఊడని, నంబరు అచ్చేసిన కవర్లు దొరుకుతాయి, అవే వాడండి. రిటర్న్ విప్పేటప్పుడు కూడా ముందు లేబులు చూపించి తర్వాతే కత్తెర పెట్టండి.

స్పీడ్ పోస్టులో ఓటీపీ డెలివరీ, అంటే తీసుకునేవాళ్ళు ఫోన్‌కి వచ్చిన ఓటీపీ చెబితేనే పార్సిల్ ఇచ్చే పద్ధతి, 2025 అక్టోబర్ నుంచి ఉంది, పార్సిల్‌కి ఐదు రూపాయలు, జీఎస్టీ అదనం. నాలుగు ఇస్తా. "నాకు అందనేలేదు" అనేవాళ్ళు బాగా తగ్గారు. అమ్మకో అత్తకో బహుమతిగా పంపించమన్నప్పుడు మాత్రం తీసుకునేవాళ్ళ నంబరు అడిగి రాయించండి, లేకపోతే ఓటీపీ ఒక ఊళ్ళో, పార్సిల్ ఇంకో ఊళ్ళో. ఇది పార్సిల్ చేరిందని చెబుతుందే గానీ లోపల ఏముందో చెప్పదు, దానికి మళ్ళీ వీడియోనే దిక్కు.

వీటిలో ఏదీ ఆపలేని మోసం ఒకటుంది. దొంగ వేరే ఎవరినో బురిడీ కొట్టించి వాళ్ళ చేత మన ఖాతాలో డబ్బు వేయించి, సరుకు తను తీసుకుంటాడు. మోసపోయినవాళ్ళు సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేస్తే డబ్బు వెళ్ళిన దారి పట్టుకుని మన ఖాతా దాకా వచ్చి స్తంభింపజేస్తారు, సరుకు పోతుంది, పైగా నిజంగా అమ్మామని మనమే చూపించుకోవాలి. అందుకని డబ్బు వేసిన పేరూ అడ్రసు మీద పేరూ కలవకపోతే ఆర్డరు ఆపి ఎవరని అడుగుతా, బిల్లు, పోస్టాఫీసు రసీదు, చాట్ అన్నీ దాచిపెడతా. దసరా, దీపావళి రద్దీలో ఇది పెద్ద విసుగు, అడిగినందుకు కొందరు అలిగి వేరేచోట కొనుక్కుంటారు. కొనుక్కోనీ.