థాయ్ పల్లెలో సొంతిల్లు: లీజు, యూజుఫ్రక్ట్, సూపర్‌ఫిసీస్‌లలో ఏది మేలు?

థాయ్‌లాండ్‌లో విదేశీయుడు మామూలుగా భూమి కొనలేడు. ఇల్లు మాత్రం తన పేరున ఉంచుకోవచ్చు. భూమి ఒకరిది, దాని మీది ఇల్లు ఇంకొకరిది కావచ్చని అక్కడి సివిల్ కోడ్ 146వ సెక్షన్ ఒప్పుకుంటుంది. కాకపోతే ఆ భూమి మీద కట్టుకునే హక్కు ముందే ఉండాలి. అది లేకుండా కడితే ఇల్లు భూమిలో భాగమై భూయజమానికే చెందుతుంది. ఇసాన్‌లోనో (ఈశాన్య థాయ్‌లాండ్), ఉత్తరాన చియాంగ్ మై చుట్టుపక్కలో భార్య తరఫువాళ్ల పొలంలో ఒక రాయ్ (1,600 చదరపు మీటర్లు, అంటే దాదాపు 40 సెంట్లు, తెలంగాణ లెక్కలో 16 గుంటలకు కాస్త తక్కువ) చూసుకున్నవాళ్లు సిమెంటు, ఇటుకల సంగతి తర్వాత చూడొచ్చు. ముందు తేల్చుకోవలసింది లీజు, యూజుఫ్రక్ట్, సూపర్‌ఫిసీస్‌లలో ఏ హక్కు రాయించుకోవాలనేదే. కంపెనీ పెట్టి థాయ్‌వాళ్ల పేర్లు అరువు తెచ్చుకునే దారి చట్టవిరుద్ధం, దాని జోలికే పోవద్దు.

లీజు అందరికీ తెలిసిందే. గరిష్ఠంగా 30 ఏళ్లు. మూడేళ్లు దాటితే ల్యాండ్ ఆఫీసులో రిజిస్టర్ కావాలి, లేకపోతే కాగితం మీద 30 అని రాసుకున్నా కోర్టులో చెల్లేది మూడేళ్లే. ఖర్చు మొత్తం అద్దె మీద 1 శాతం ఫీజు, 0.1 శాతం స్టాంపు. నెలకు 2,000 బాట్ల చొప్పున 30 ఏళ్లకు 7,20,000 బాట్లు అవుతుంది, దాని మీద 7,920 బాట్లు కట్టాలి. భూమి చేతులు మారినా లీజు నిలుస్తుంది, అంతవరకు బాగానే ఉంది. ‘30+30+30’ అని ఏజెంట్లు చెప్పే పొడిగింపులను మాత్రం నమ్మొద్దు. అది అప్పటి యజమాని నోటిమాట లాంటిది, భూమి కొన్నవాడు దానికి కట్టుబడనక్కర్లేదు. పైగా లీజు వ్యక్తిగత హక్కు. వారసుల సంగతి వేరుగా రాయించుకోకపోతే తీసుకున్నవాడు పోగానే ముగుస్తుంది.

యూజుఫ్రక్ట్ (థాయ్‌లో సిత్థి కెప్ కిన్) అంటే బతికినంతకాలం భూమిని అనుభవించే హక్కు. ఉండొచ్చు, మామిడి చెట్లు పెట్టుకోవచ్చు, పంట వేసుకోవచ్చు, అద్దెకూ ఇవ్వొచ్చు. డబ్బు చేతులు మారకపోతే రిజిస్ట్రేషన్ ఫీజు నామమాత్రమే. కానీ మనిషి పోయిన రోజే హక్కూ పోతుంది, పిల్లలకు దక్కదు. కొత్తగా లక్షల బాట్లు పోసి కట్టేవాళ్లకు ఇది చాలదు. ఉన్న ఇంట్లో చివరిదాకా నిశ్చింతగా ఉంటే చాలనుకునే పెద్దవాళ్లకు ఇంతకంటే మంచిది లేదు.

సూపర్‌ఫిసీస్ (సిత్థి నువా ఫుయెన్ దిన్) కట్టడం కోసమే పుట్టిన హక్కు, అంటే ఇంకొకరి భూమి మీది కట్టడాన్ని మన సొంతంగా ఉంచుకునే హక్కు. వేరే షరతు రాయకపోతే అమ్ముకోవచ్చు, వారసులకూ వెళ్తుంది. ఇల్లు కాలిపోయినా, వరదకు కూలినా హక్కు పోదు, మళ్లీ కట్టుకోవచ్చు. గడువు తీరాక ఇల్లు విప్పి తీసుకెళ్లొచ్చు, లేదా భూయజమాని మార్కెట్ ధరకు కొంటానంటే తగిన కారణం లేకుండా కాదనకూడదు.

చాలామంది దెబ్బతినేది గడువు దగ్గర. యూజుఫ్రక్ట్‌లో గడువు రాయకపోతే జీవితకాలమనే లెక్క. సూపర్‌ఫిసీస్‌లో గడువు రాయకపోతే నోటీసు ఇచ్చి ఎప్పుడైనా రద్దు చేయొచ్చు. ‘గడువు లేదు కదా, శాశ్వతం’ అనుకుని సంతకం చేస్తే కొంప మునుగుతుంది. 30 ఏళ్లనో, జీవితకాలమనో స్పష్టంగా రాయించాలి. వారసులకు దక్కాలంటే 30 ఏళ్లే నయం. ఈ హక్కు కట్టడానికి సంబంధించినది కాబట్టి పెరడు, బావి, దారి ఎంతవరకో నక్షాతో చూపించాలి. పెద్ద పొలమైతే ఇంటి స్థలాన్ని సర్వే చేయించి వేరే డీడ్‌గా విడదీస్తే తర్వాత గొడవ ఉండదు.

కొత్తగా కట్టేవాళ్లకు మొగ్గు సూపర్‌ఫిసీస్ వైపే. అయితే ఎవరి నుంచి తీసుకుంటున్నారన్నది అంతకంటే ముఖ్యం. 1469వ సెక్షన్ ప్రకారం, పెళ్లయ్యాక భార్యాభర్తల మధ్య కుదిరిన ఆస్తి ఒప్పందాన్ని కాపురం సాగుతున్నంతకాలం, విడిపోయాక ఏడాదిలోపు కూడా ఇద్దరిలో ఎవరైనా రద్దు చేసుకోవచ్చు. లీజైనా, యూజుఫ్రక్ట్ అయినా, సూపర్‌ఫిసీస్ అయినా దీనికి లొంగాల్సిందే. భార్య పేరున్న భూమి మీద హక్కు రాయించుకుని నిశ్చింతగా నిద్రపోయేవాళ్లు ఈ సెక్షన్ చదివి ఉండరు. భూమి ఇంకా అత్తగారి పేరునే ఉంటే ఆవిడ దగ్గరే రాయించుకోండి. అది భార్యాభర్తల ఒప్పందం కాదు, రేపు భూమి కూతురి పేరుకు మారినా రిజిస్టరైన హక్కు దాన్ని అంటిపెట్టుకునే ఉంటుంది. కాబోయే భార్య భూమే అయితే ఆంఫోలో (జిల్లా ఆఫీసు) పెళ్లి నమోదుకు ముందే పని ముగించాలి. ఊళ్లో చేసే పెళ్లి తంతును చట్టం లెక్కించదు.

మనం ఈసీ తీసి చూసే సంగతులు అక్కడ చాలావరకు డీడ్ వెనక పేజీలోనే ఉంటాయి. చనోట్ (ఎర్ర గరుడ ముద్ర ఉండే పూర్తి యాజమాన్య పత్రం) వెనక లావాదేవీలన్నీ వరసగా నమోదై ఉంటాయి. డీడ్ కాపీ పట్టుకుని ల్యాండ్ ఆఫీసుకు వెళ్లి అక్కడి అసలుతో పోల్చి చూడాలి. పల్లె భూముల్లో తరచూ కనిపించేది రైతులకు అప్పిచ్చే ప్రభుత్వ బ్యాంకు తనఖా. తనఖా ముందుండి, బ్యాంకు ఒప్పుకోలు లేకుండా మీ హక్కు తర్వాత ఎక్కితే, అప్పు తీరక భూమి వేలానికి వచ్చినప్పుడు మీ హక్కును కొట్టేయించవచ్చు. ముందు అప్పు తీర్పించండి. సో పో కో 4-01 కాగితం చూపిస్తే అక్కడే ఆగిపోవాలి. అది భూసంస్కరణల కింద సాగుకోసం ఇచ్చినది, అమ్మకానికి లేదు. ఫో బో తో 5 అయితే పన్ను రశీదు, అంతే.

హక్కు రిజిస్టరైన రోజే డీడ్ వెనక మీ పేరు ఎక్కిందో లేదో థాయ్ చదవగలిగినవాళ్ల చేత చూపించుకోండి. ఆ తర్వాతే తంబోన్ ఆఫీసులో (ఓ బో తో, అంటే కొన్ని ఊళ్లకు కలిపి ఉండే స్థానిక పాలన కార్యాలయం) నిర్మాణ అనుమతికి వెళ్లాలి. ప్లాను, డీడ్ కాపీ, భూయజమాని సమ్మతి పత్రం కావాలి. 150 చదరపు మీటర్ల లోపు ఇంటికి ఆర్కిటెక్ట్ సంతకం అక్కర్లేదు. అనుమతి పత్రం మీ పేరునే ఉండాలి, కాంట్రాక్టు, బిల్లులు, బ్యాంకు బదిలీలు కూడా. ఇల్లు పూర్తయ్యాక వచ్చే నీలం రంగు ఇంటి పుస్తకం, విదేశీయులకిచ్చే పసుపు పుస్తకం చిరునామా నమోదుకు పనికొస్తాయి. ఇల్లు ఎవరిదన్న ప్రశ్న కోర్టుకెక్కితే అక్కరకొచ్చేవి ఆ అనుమతి పత్రం, ఆ బిల్లులే.