చేతి కన్సోల్‌లో పాత ప్లేస్టేషన్: ఏడాదిన్నర వాడాక

ఈ కన్సోల్ కొన్న వారానికే సమీక్ష రాసి ఉంటే ఐదుకు నాలుగున్నర ఇచ్చేదాన్ని. మూడో నెలలో రాసి ఉంటే ఒకటి కూడా ఇచ్చేదాన్ని కాదు. ఇప్పుడు ఏడాదిన్నర దాటింది. మోజు తగ్గింది, కోపమూ తగ్గింది, కాబట్టి ఉన్నదున్నట్టు రాయగలను.

వస్తువు సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. రెండు చేతుల్లో ఇమిడే లినక్స్ కన్సోల్. మూడున్నర అంగుళాల స్క్రీన్, 640×480. నాలుగు కోర్ల ఆర్మ్ ప్రాసెసర్, ఒక గిగాబైట్ మెమరీ. దాంతోపాటు వచ్చిన ప్లేస్టేషన్ ఎమ్యులేటర్ (పాత ప్లేస్టేషన్‌లా నటించి దాని గేముల్ని నడిపే ప్రోగ్రామ్) ఉన్నా లేనట్టే. నేను వాడుతున్నది డెస్క్‌టాప్ కోసం రాసిన ఒక ఓపెన్ సోర్స్ ఎమ్యులేటర్‌ని ఇద్దరు ఔత్సాహికులు ఖాళీ సమయంలో దీనికి పోర్ట్ చేసినది, అంటే దీని మీద నడిచేలా మార్చినది. పేర్లు చెప్పను. ఉచితంగా చేసిపెట్టిన పని, పైగా నేను చెప్పబోయే లోపాల్లో చాలావరకు ఇప్పుడు లేవు. నేను ప్రోగ్రామర్‌ని కాను. కొత్త బిల్డ్ (మార్పులు చేసిన కొత్త కూర్పు) వచ్చినప్పుడల్లా ఆడి చూడటం, పడిపోతే ఏం జరిగిందో నమోదైన లాగ్ ఫైల్ పంపడం, అంతవరకే నా పాత్ర.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు మొదటి వారమంతా ఒక గేమ్ తెరవడం, ఐదు నిమిషాలు ఆడటం, ఇంకోటి తెరవడం. ఏ గేమునీ గంటసేపు ఆడింది లేదు. అందుకే లోపాలేవీ కంటపడలేదు. "చూశారా, అన్నీ నడుస్తున్నాయి" అనే వీడియోలన్నీ కూడా ఇలా ఐదేసి నిమిషాల ముచ్చటే అని నా అనుమానం. ఐదు నిమిషాల్లో తెలిసేది వేగం ఒక్కటే.

ఆ వేగం కూడా మొదటి బిల్డ్‌లో లేదు. 1994లో వచ్చిన అసలు ప్లేస్టేషన్ ప్రాసెసర్ 33.8688 మెగాహెర్ట్జ్‌ది, మెమరీ 2 మెగాబైట్లు. నా చేతిలో ఉన్నది అంతకు ఎన్నో రెట్లు పెద్దది. అయినా త్రీడీ గేముల్లో మనిషి బురదలో నడుస్తున్నట్టే ఉండేది. కారణం తర్వాత తెలిసింది. గేములోని ప్లేస్టేషన్ ఆదేశాల్ని ఈ ప్రాసెసర్ భాషలోకి ఎమ్యులేటర్ రెండు రకాలుగా తర్జుమా చేయగలదు. ఇంటర్‌ప్రెటర్ అంటే పక్కన కూర్చుని ఒక్కో వాక్యం విని, ఒక్కో వాక్యం తర్జుమా చేసే దుబాసీ. అదే వాక్యం వెయ్యిసార్లు వస్తే వెయ్యిసార్లూ తర్జుమా చేస్తాడు. డైనరెక్ అనేది ఒక భాగాన్ని ఒకసారి తర్జుమా చేసి రాసిపెట్టుకుని, మళ్ళీ ఆ భాగం వచ్చినప్పుడు రాసిపెట్టుకున్నదే చదివేస్తుంది. పాపం ఈ ఎమ్యులేటర్‌లో ఉన్న డైనరెక్ 32 బిట్ ఆర్మ్ భాషలోకే తర్జుమా చేయగలదు. కన్సోల్‌లో ఉన్నదేమో 64 బిట్ లినక్స్. దాంతో మొదటి బిల్డ్ దుబాసీ మీదే ఆధారపడింది.

రెండో బిల్డ్‌కి అడ్డదారి తొక్కారు. ప్రాసెసర్ పాత 32 బిట్ ఆదేశాల్ని కూడా నడపగలదు కనుక ఎమ్యులేటర్‌ని, దానికి కావలసిన లైబ్రరీలన్నిటినీ కలిపి 32 బిట్‌లోనే కట్టి ఇచ్చారు. వేగం ఒక్కసారిగా వచ్చింది. నేను నాలుగున్నర మార్కులు ఇచ్చి ఉండేది ఈ బిల్డ్‌కే. కొన్నాళ్ళకు 64 బిట్ డైనరెక్ వచ్చింది, దాంతోపాటే అసలు తలనొప్పి మొదలైంది.

గేమ్ ఉన్నట్టుండి మాయమై మెనూ కనిపించేది. ఒకసారి ఇరవై నిమిషాలకి, ఒకసారి రెండు గంటలకి, మరోసారి అసలు లేదు. అదే చోట మళ్ళీ ఆడితే ఏమీ కాదు. నా లాగ్‌లు చూసి "మా పీసీలో బాగానే ఉంది" అన్నారు. అక్కడే ఉంది తిరకాసు. ఆర్మ్ ప్రాసెసర్లలో ఆదేశాలకు ఒక క్యాష్ (చేతికందేలా ఉంచుకునే చిన్న, వేగమైన మెమరీ), డేటాకు ఇంకో క్యాష్ ఉంటాయి. డైనరెక్ కొత్తగా రాసిన కోడ్ డేటా వైపు చేరుతుంది, ఆదేశాల వైపు పాత కోడే మిగిలి ఉండొచ్చు. "ఇక్కడ మార్చాను, పాతది పారేయ్" అని ప్రోగ్రామే చెప్పాలి. ఇంటెల్, ఏఎండీ పీసీ ప్రాసెసర్లు ఈ పనిని చెప్పకుండానే చేసేసుకుంటాయి. కాబట్టి పీసీలో ఎన్ని వందల గంటలు పరీక్షించినా ఈ తప్పు బయటపడదు. కోడ్‌ని చెరిపి రాసే ఒక్క సందర్భంలో ఆ మాట చెప్పడం మరిచిపోయారట. సరిచేయడానికి పట్టింది ఒక్క సాయంత్రం, కనిపెట్టడానికి రెండు నెలలు.

స్క్రీన్ విషయంలో మాత్రం గంతకు తగ్గ బొంత కుదిరింది. ప్లేస్టేషన్ గేములు చాలావరకు 320×240లో బొమ్మ గీస్తాయి. 640×480 మీద ఒక్కో చుక్క అటు రెండు, ఇటు రెండు చుక్కలవుతుంది, లెక్క సరిగ్గా సరిపోతుంది. అక్షరాలు చెక్కినట్టు ఉంటాయి. అన్ని గేములూ అంత బుద్ధిమంతులు కావు. క్రాష్ బ్యాండికూట్ 512 చుక్కల వెడల్పుతో గీస్తుంది, దాన్ని 640కి సాగదీస్తే కొన్ని నిలువు గీతలు లావుగా, కొన్ని సన్నగా కనిపిస్తాయి. పక్కకి మాత్రమే కొద్దిగా మెత్తబరిచే ఫిల్టర్ ఒకటి ఇచ్చారు, అది పెట్టాక నేను పట్టించుకోవడం మానేశాను. ఇంకోమాట, గోడలు, నేల వణుకుతున్నట్టు ఉంటే ఎమ్యులేటర్‌ని తిట్టకండి. అసలు ప్లేస్టేషన్ కూడా త్రీడీ బిందువుల్ని పూర్ణాంకాలకు సర్దేసేది, దూరాన్ని బట్టి టెక్స్చర్‌ని సరిదిద్దేది కాదు. ఆ వణుకు పుట్టుకతో వచ్చింది. నేను కూడా దీని మీద ఒక బగ్ రిపోర్ట్ రాసి నవ్వులపాలయ్యాను.

నవ్వొచ్చిన బగ్ కూడా ఒకటుంది. రాత్రి రేసు మధ్యలో కన్సోల్‌ని నిద్రపుచ్చి, పొద్దున లేపాను. కార్లన్నీ పిచ్చెక్కినట్టు దూసుకుపోతున్నాయి, పాట చిలక పలుకుల్లా వినిపిస్తోంది. ఎమ్యులేటర్ తన వేగాన్ని మామూలు గడియారం చూసి లెక్కేసుకుంటోందట. నిద్ర లేచేసరికి ఎనిమిది గంటలు గడిచాయి కనుక, "ఎనిమిది గంటల ఆట బాకీ పడ్డాను" అనుకుని ఆ బాకీ తీర్చేస్తోంది! డెస్క్‌టాప్‌లో ఎవరూ ఆట మధ్యలో కంప్యూటర్‌ని నిద్రపుచ్చరు కాబట్టి ఇది ఎవరికీ తట్టలేదు. నిద్రలో ముందుకు కదలని గడియారం లినక్స్‌లో వేరే ఉంది. దానికి మార్చారు, సరిపోయింది.

మెమరీ కార్డు సంగతికి మాత్రం నాకు ఇప్పటికీ నవ్వు రాదు.

ఫైనల్ ఫాంటసీ 7లో ఇరవై రెండు గంటలు ఆడాను. ఆ రోజు మూడుసార్లు సేవ్ చేశాను, మూడుసార్లూ సేవ్ అయిందని గేమ్ చెప్పింది. బ్యాటరీ అయిపోయి కన్సోల్ ఆగిపోయింది. చార్జింగ్ పెట్టి తెరిస్తే నిన్నటి సేవ్ ఉంది, ఇవాళ్టివి ఒక్కటీ లేవు. గేమ్ అబద్ధం చెప్పలేదు. ప్లేస్టేషన్‌లో సేవ్‌లు దాచుకునే అసలు మెమరీ కార్డు 128 కిలోబైట్లది, పదిహేను బ్లాకులు మనకు వాడుకోవడానికి ఉంటాయి. ఎమ్యులేటర్ ఆ 128 కిలోబైట్లని మెమరీలో పెట్టుకుని, గేమ్ రాసిందంతా అక్కడే రాసి, మనం మెనూలోంచి మర్యాదగా బయటికి వచ్చినప్పుడు మాత్రమే మైక్రో ఎస్‌డీ కార్డులోని ఫైల్‌కి ఎక్కించేది. డెస్క్‌టాప్‌లో ఇది పెద్ద తప్పు కాదు, అక్కడ కిటికీ మూసి బయటికి వస్తాం. చేతి కన్సోల్‌లో మర్యాదగా బయటికి వచ్చేదెవరు? బటన్ నొక్కి పక్కన పడేస్తాం, లేదా బ్యాటరీయే చేతులెత్తేస్తుంది.

రిపోర్ట్ రాశాను, కాస్త ఘాటుగానే. తర్వాతి బిల్డ్‌లో గేమ్ రాయడం ఆపిన ఒక సెకనుకి ఫైల్ కూడా రాసేలా మార్చారు. కానీ ఉన్న ఫైల్ మీదే నేరుగా రాసేవారు. ఆ రాసే క్షణంలో కరెంటు పోతే కొత్తదీ ఉండదు, పాతదీ ఉండదు. నాకు కాదుగానీ ఇంకొకరికి అదీ జరిగింది. ఇప్పుడు పక్కన వేరే పేరుతో పూర్తిగా రాసి, రాసింది మైక్రో ఎస్‌డీ కార్డుకి చేరిందని తేల్చుకున్నాక పేరు మారుస్తారు. ఈ మార్పు తర్వాత ఏడాదిగా నా సేవ్ ఒక్కటీ పోలేదు. బ్యాటరీ అయిపోయి ఆగిన సందర్భాలు మాత్రం పది దాకా ఉంటాయి.

సేవ్ స్టేట్ (ఆటని ఏ క్షణంలోనైనా ఉన్నదున్నట్టు దాచుకునే సదుపాయం) ఉంది కదా అంటారు. ఉంది, అదే ఇంకో గోతిలో పడేసింది. ఈ పోర్ట్‌లో సేవ్ స్టేట్ తీస్తే అప్పటి మెమరీ కార్డు నకలు కూడా అందులో చేరుతుంది. వారం కిందటి స్టేట్‌ని సరదాగా తెరిస్తే మెమరీ కార్డు కూడా వారం వెనక్కి వెళ్ళింది, ఆ వెంటనే బుద్ధిగా ఫైల్‌కి ఎక్కింది. ఇది ఇప్పటికీ ఇంతే, "అలా చేయకండి" అని సహాయం పేజీలో రాశారు. వారానికోసారి కార్డు ఫైల్‌ని వేరే చోటికి కాపీ చేసుకోవడం అలవాటు చేసుకున్నాను.

మూడు డిస్కుల గేములతో ఇంకో చిక్కు. గేమ్ ఫైల్ పేరుని బట్టి ఒక్కో గేముకి ఒక్కో మెమరీ కార్డు ఇస్తుంది ఎమ్యులేటర్. రెండో డిస్కుని విడిగా తెరిస్తే అది వేరే గేమ్ అనుకుని ఖాళీ కార్డు చేతిలో పెడుతుంది. గుండె ఆగినంత పనవుతుంది. మూడు డిస్కుల పేర్లూ ఒక చిన్న జాబితా ఫైల్‌లో రాసి, దాన్ని తెరిస్తే అన్నిటికీ ఒకే కార్డు వస్తుంది. నా దగ్గరున్న డిస్కుల నుంచి తీసుకున్న ఫైల్స్‌ని సీహెచ్‌డీ అనే కుదించిన ఫైల్ రూపంలోకి మార్చుకున్నాను, మైక్రో ఎస్‌డీ కార్డులో చాలా చోటు మిగిలింది, డిస్కులోని పాటలూ చెక్కుచెదరలేదు.

బటన్లు బాగానే ఉన్నాయి, వెనకవి మరీ టకటకమంటాయి. ఏప్ ఎస్కేప్‌కి రెండు స్టిక్కులూ తప్పనిసరి, దీనికి రెండూ ఉన్నాయి కాబట్టి బతికిపోయాను. ఇరకాటంలో పెట్టింది మెటల్ గేర్ సాలిడ్. అందులో సైకో మాంటిస్ అనే శత్రువు మన ఎత్తులన్నీ ముందే పసిగడతాడు, కంట్రోలర్‌ని తీసి రెండో పోర్టులో (కంట్రోలర్ తగిలించే రెండో సాకెట్‌లో) పెడితే ఆ పసిగట్టడం ఆగుతుంది. కన్సోల్‌కే అతుక్కున్న కంట్రోలర్‌ని ఎక్కడికని తీసి పెట్టను? వెతగ్గా వెతగ్గా మెనూలో నాలుగో పేజీలో "ప్యాడ్: పోర్ట్ 2" అని కనిపించింది. దాన్ని అక్కడ పెట్టిన పుణ్యాత్ముడెవరో ఆ గేమ్ ఆడే ఉంటాడు.

శబ్దం దగ్గర ఎవరికి వాళ్ళు రాజీ పడాల్సిందే. మొదట బఫర్ (వినిపించేముందు శబ్దాన్ని పోగుచేసుకునే చోటు) 2048 శాంపిళ్ళు, అంటే శబ్దపు తునకలు, ఉండేది. సెకనుకి 44,100 శాంపిళ్ళ లెక్కన అది 46 మిల్లీసెకన్లు, అంటే దాదాపు మూడు ఫ్రేములు (స్క్రీన్ మీద మారే బొమ్మలు) ఆలస్యం. మామూలు గేముల్లో తెలియదు, తాళానికి తగ్గట్టు బటన్ నొక్కాల్సిన పారప్ప ది రాపర్‌లో మాత్రం నేను తాళజ్ఞానం లేనిదాన్నని రుజువైంది. 512కి తగ్గిస్తే పన్నెండు మిల్లీసెకన్లకి దిగుతుంది గానీ చిటపటలు మొదలవుతాయి. పని తక్కువున్నప్పుడు ప్రాసెసర్ తన వేగం తగ్గించుకుంటుంది, మళ్ళీ అందుకునేలోపు బఫర్ ఖాళీ అవుతుంది. వేగం ఎప్పుడూ గరిష్ఠంలో ఉండేలా పెడితే చిటపటలు పోతాయి, నా లెక్కలో ఐదున్నర గంటలు వచ్చే బ్యాటరీ నాలుగు గంటలకి పడిపోతుంది. పారప్పకి అలా, మిగతా వాటికి 1024. గేముకొక సెట్టింగ్ దాచుకునే వీలు ఆరు నెలల కిందట వచ్చింది, అంతవరకు చేత్తోనే మార్చుకున్నాను.

బాగుపడనిది, బాగుపడుతుందన్న ఆశ కూడా లేనిది ఒకటుంది. నా డిస్కుల్లో సగం యూరప్ వెర్షన్లు, సెకనుకి 50 ఫ్రేములు. స్క్రీన్ 60 దగ్గరే బిగిసిపోయింది. ప్రతి ఐదు ఫ్రేములకీ ఒకటి రెండుసార్లు చూపించక తప్పదు, పక్కకి జరిగే దృశ్యాల్లో సన్నని తడబాటు ఉంటుంది. ఇందులో పోర్ట్ చేసినవాళ్ళ తప్పేమీ లేదు, స్క్రీనే అంత.

ప్లేస్టేషన్ గేములు మొదటినుంచి చివరిదాకా ఆడాలనుకునే వాళ్ళు ఇప్పటి బిల్డ్‌ని నిశ్చింతగా పెట్టుకోవచ్చు. నేను మాత్రం నాలుగు నెలలుగా అప్‌డేట్ చేయలేదు. కొత్త బిల్డ్‌లో పాత సేవ్ స్టేట్లు తెరుచుకోవట, నేనేమో రెండో డిస్కు మధ్యలో ఉన్నాను. మెమరీ కార్డుతో కొనసాగించొచ్చని తెలుసు. అయినా చేయి రావడం లేదు.