బస్సులో కూర్చుని క్లస్టర్‌ను చూసుకోవాలంటే: టెర్మక్స్, మోష్ జోడీ ఎట్లుంది?

ముందే చెప్పేస్తే, ఆండ్రాయిడ్ ఫోన్ నుంచి స్లర్మ్ క్లస్టర్ (కలిపి కట్టిన చాలా కంప్యూటర్లు, అంటే నోడ్లు; వాటిపై పనులను స్లర్మ్ వంతులవారీగా నడిపిస్తుంది) మీద జాబ్‌లు, అంటే మనమిచ్చిన పనులు, చూసుకోవడానికి ఫోన్లో టెర్మక్స్ అనే టెర్మినల్ యాప్, దాంట్లో దూరపు కంప్యూటర్‌కు కలిపే మోష్, లాగిన్ నోడ్ (క్లస్టర్‌లోకి అడుగుపెట్టే కంప్యూటర్) మీద మనం బయటికొచ్చినా సెషన్‌ను బతికించే టీమక్స్. పైసా ఖర్చు లేకుండా ఇంతకంటే మంచి సెటప్ దొరకదు. కానీ రోజంతా తెరిచిపెట్టి చూస్తూ కూర్చుందామనుకుంటే మాత్రం రెండు రోజుల్లో విసుగొస్తుంది. ఒకసారి తొంగిచూసి, ఒక పని చేసి, జేబులో పెట్టుకోవడానికే ఇది. మిగతా టైంలో క్లస్టరే మనకు కబురు పంపాలి.

నల్లగొండ, పాలమూరు నుంచి హైదరాబాద్ వైపు క్లస్టర్ల మీద పని చేసేవాళ్ళను దృష్టిలో పెట్టుకుని రాస్తున్న రివ్యూ ఇది. కంది దగ్గర ఐఐటీ హైదరాబాద్‌లోని పరమ్ సేవ సూపర్‌కంప్యూటర్ అంత పెద్ద యంత్రమైనా, కాలేజీ ల్యాబ్‌లో నాలుగు నోడ్లు పేర్చిన చిన్న క్లస్టరైనా, లాగిన్ నోడ్ దాకా ఎస్ఎస్‌హెచ్ (దూరపు కంప్యూటర్‌లోకి భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతి) దొరికితే పద్ధతి ఒక్కటే. వీపీఎన్ తప్పనిసరి అయిన చోట ముందు ఆ యాప్ ఆన్ చేసుకోవాలి, అంతే తేడా.

టెర్మక్స్‌ను ఎఫ్-డ్రాయిడ్ అనే యాప్ స్టోర్ నుంచి గానీ గిట్‌హబ్ నుంచి గానీ తీసుకోండి. దాని తోడు యాప్‌లైన విడ్జెట్ యాప్, ఏపీఐ యాప్ కూడా అదే చోటు నుంచి రావాలి. ఒక్కో చోటి డిజిటల్ సంతకం వేరు కాబట్టి, ఒకటి అక్కడిది ఒకటి ఇక్కడిది అయితే ఇన్‌స్టాలే కావు. తెరవగానే మొదట పీకేజీ అప్‌గ్రేడ్ కమాండ్ కొట్టి, ఆ తర్వాతే ఓపెన్ఎస్ఎస్‌హెచ్, మోష్ ఇన్‌స్టాల్ చేయండి. అప్‌గ్రేడ్ ఎగ్గొడితే ‘క్యానాట్ లింక్ ఎగ్జిక్యూటబుల్’ అని ఎర్రర్ వస్తుంది. పాత లైబ్రరీ, కొత్త ప్రోగ్రాం ఒకదానికొకటి పొసగకపోవడమే దానికి కారణం. మళ్ళీ పూర్తిగా అప్‌గ్రేడ్ చేస్తే పోతుంది, యాప్ తీసేసి మళ్ళీ వేసుకోనక్కర్లేదు.

అసలు బలం మోష్‌ది. మామూలు ఎస్ఎస్‌హెచ్ టీసీపీ అనే, రెండు అడ్రస్‌లకు కట్టుబడ్డ కనెక్షన్ మీద నడుస్తుంది. ఇంట్లో వైఫై వదిలి మొబైల్ డేటాకు మారగానే ఐపీ అడ్రస్ మారుతుంది, సెషన్ చస్తుంది. మోష్ లాగిన్ వరకే ఎస్ఎస్‌హెచ్ వాడుకుని, ఆ తర్వాత అట్లా కట్టుబడని యూడీపీ అనే పద్ధతి మీదికి వెళ్తుంది. ఫోన్ ఏ కొత్త అడ్రస్ నుంచి పలికినా గుర్తుపడుతుంది. శ్రీశైలం దారిలో మన్ననూరు చెక్‌పోస్ట్ దాటాక అమ్రాబాద్ అడవిలో సిగ్నల్ ఎట్లా వస్తూ పోతూ ఉంటుందో తెలిసిందే. అక్కడ మోష్ తెర పైన నీలం పట్టీ వేసి, అవతలి నుంచి కబురు వచ్చి ఎన్ని సెకన్లయిందో లెక్కపెడుతూ ఉంటుంది. దోమలపెంటలో సిగ్నల్ అందుకోగానే ఆ పట్టీ మాయమై, ఆగిన చోటి నుంచే మొదలవుతుంది.

అయితే దీనికి లాగిన్ నోడ్ మీద మోష్ సర్వర్ ఉండాలి, ఫైర్‌వాల్‌లో యూడీపీ 60000 నుంచి 61000 వరకు పోర్టులు తెరిచి ఉండాలి. వెయ్యి పోర్టులంటే ఏ అడ్మిన్ అయినా మొహం చిట్లిస్తాడు. చిన్న ల్యాబ్‌కు 60000 నుంచి 60010 వరకు చాలు, అట్లా అడిగితే ఒప్పుకుంటారు. మధ్యలో జంప్ హోస్ట్ (లోపలికి పోవడానికి ముందు దాటాల్సిన ఇంకో కంప్యూటర్) ఉంటే మోష్ పని చేయదు, దాని యూడీపీ ఆ గొట్టంలోంచి పోదు. అప్పుడు మామూలు ఎస్ఎస్‌హెచ్‌లోనే సర్వర్ అలైవ్ ఇంటర్వల్ (ఎన్ని సెకన్లకోసారి సర్వర్‌ను పలకరించాలో చెప్పే సెట్టింగ్) 30 పెట్టి, టీమక్స్ మీద ఆధారపడాలి. సెషన్ తెగినా మళ్ళీ అటాచ్ అయితే పని ఎక్కడిదక్కడే ఉంటుంది.

మోష్‌లో రెండు లోపాలు. పైకి జరిపి పాత లైన్లు చూద్దామంటే కుదరదు, అది కనిపించే తెరను మాత్రమే పంపుతుంది. టీమక్స్‌లో మౌస్ ఆన్ చేసుకుంటే వేలితో జరపొచ్చు. రెండోది, ఫోన్ రీస్టార్ట్ అయినప్పుడు పాత మోష్ సర్వర్ ప్రాసెస్ లాగిన్ నోడ్ మీద అనాథలా మిగిలిపోతుంది. మోష్ సర్వర్ నెట్‌వర్క్ టీఎంఅవుట్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో 604800 సెకన్లు, అంటే వారం, పెడితే వాటంతటవే సర్దుకుంటాయి.

ఇక తెర వెడల్పు. చాలామంది ఇక్కడే ‘ఫోన్లో కాదులే’ అని వదిలేస్తారు. జాబ్‌ల జాబితా చూపే ఎస్‌క్యూ కమాండ్ మామూలుగా ఇచ్చే నిలువు వరసల్లో జాబ్ నంబర్‌కే 18 అక్షరాలు పోతాయి. పార్టిషన్ (నోడ్ల గుంపు), పేరు, యూజర్, స్టేట్, టైం, నోడ్ల సంఖ్య కలిపి చివరి వరస మొదలయ్యేలోపే 68 అక్షరాలు. నిలువుగా పట్టుకున్న ఫోన్లో చదవగలిగే సైజులో 45, 50 కంటే పట్టవు. ఒక్కో జాబ్ రెండు లైన్లుగా విరిగి అంతా ఆగమాగం. ఎస్‌క్యూ ఫార్మాట్ అనే వేరియబుల్‌ను బ్యాష్ ఆర్‌సీ అనే సెట్టింగుల ఫైల్లో ఇట్లా పెట్టండి: జాబ్ నంబర్‌కు 8, పేరుకు 10, స్టేట్‌కు 2, గడిచిన టైంకు 10, చివర జాబ్ ఎందుకు ఆగి ఉందో చెప్పే కారణం. ఖాళీలతో సహా మొదటి నాలుగూ 34 అక్షరాల్లో ముగుస్తాయి. మీ జాబ్‌లే చూస్తారు కాబట్టి యూజర్ పేరు వరస దండగ. టైంకు 10 తగ్గించొద్దు, రోజు దాటిన జాబ్‌కు రోజు, గంట, నిమిషం, సెకను అన్నీ కలిపి సరిగ్గా పది అక్షరాలు పడుతుంది.

చివర్లో ఉంచిన ఆ కారణం వరసే ఫోన్లో చూడాల్సిన అసలు సంగతి. ‘రిసోర్సెస్’, ‘ప్రయారిటీ’ అని ఉంటే ఊరుకోండి, వంతు రావాలి. ‘డిపెండెన్సీ నెవర్ సాటిస్‌ఫైడ్’ అని ఉంటే అది ఎన్నటికీ నడవదు. ముందు జాబ్ ఫెయిలైంది, క్యాన్సిల్ చేసి మళ్ళీ సబ్‌మిట్ చేయండి. మెయింటెనెన్స్ కోసం నోడ్లు రిజర్వ్ అయ్యాయని వస్తే మాత్రం ఒక కిటుకుంది. మీ జాబ్ అడిగిన టైం మెయింటెనెన్స్‌లోకి పొడుచుకుపోతోందన్నమాట. నిజంగా అంత టైం అవసరం లేకపోతే ఎస్‌కంట్రోల్ అప్‌డేట్ కమాండ్‌తో టైం లిమిట్ తగ్గించండి. తగ్గించే హక్కు యూజర్‌కే ఉంటుంది, పెంచాలంటేనే అడ్మిన్ కావాలి.

స్టేట్ దగ్గర ఆర్ (రన్నింగ్) అని కనిపించగానే నడుస్తోందని నమ్మేయకండి. జాబ్ నడుస్తున్న నోడ్‌లోకి వెళ్ళి, ఏ ప్రాసెస్ ఎంత వాడుతోందో చూపే టాప్ కమాండ్‌ను బ్యాచ్ మోడ్‌లో ఒక్కసారి నడిపి మొదటి 15 లైన్లు చూడండి. 40 కోర్ల నోడ్ మొత్తం మీరే తీసుకుని లోడ్ (నడుస్తున్న, కాచుకున్న ప్రాసెస్‌ల సగటు) 1 దగ్గరుంటే, ప్రోగ్రాం ఒక్క కోర్ మీదే పాకుతోంది. ఎక్కువగా థ్రెడ్ల (ప్రోగ్రాంలో ఒకేసారి నడిచే పాయల) సంఖ్య ఇవ్వడం మర్చిపోయి ఉంటారు. లోడ్ 80 దాటితే దానికి తలకిందులు, ఎంపీఐ ర్యాంకులు (ఒకే జాబ్‌ను పంచుకునే విడివిడి ప్రాసెస్‌లు) ఇంటూ థ్రెడ్లు కోర్లకు మించాయి. లోడ్ ఎక్కువగా ఉండి సీపీయూ మాత్రం ఖాళీగా కనిపిస్తే ప్రాసెస్ స్టేట్ చూడండి. డి అని ఉంటే అది డిస్క్ కోసమో, నెట్‌వర్క్ ఫైల్ సిస్టం కోసమో కాచుకుని ఉంది. దాన్ని కిల్ మైనస్ 9తో కొట్టినా చావదు, స్టోరేజ్ తేరుకునేదాకా ఆగాలి. ఇదంతా బస్సు కిటికీ పక్కన కూర్చుని రెండు నిమిషాల్లో తేల్చుకోవచ్చు.

టాప్ లాంటిదే ఇంకో కమాండ్ హెచ్‌టాప్ ముచ్చటైనదే కానీ 40 కోర్లకు 40 గీతలు గీసి తెరంతా మింగేస్తుంది. సెటప్‌లోకి వెళ్ళి విడివిడి మీటర్లు తీసి, సగటు సీపీయూ మీటర్ ఒక్కటి పెట్టుకోండి. ఆ సెటప్ తెరిచే ఎఫ్2 కీ ఫోన్లో ఎక్కడిదంటారా? వాల్యూమ్ అప్ నొక్కిపట్టి 2 కొట్టండి. వాల్యూమ్ డౌన్ కంట్రోల్ కీ లాగా పనిచేస్తుంది. మూడు రోజులకు వేలికి అలవాటైపోతుంది.

టెర్మక్స్‌తో పెద్ద లొల్లి ఆండ్రాయిడ్ 12 నుంచి మొదలైంది. యాప్‌లు పుట్టించిన పిల్ల ప్రాసెస్‌లు ఫోన్ మొత్తం మీద 32 దాటితే సిస్టం వాటిని చంపేస్తుంది. తెర మీద ‘సిగ్నల్ 9’ అని కనిపిస్తే ఇదే. ఆండ్రాయిడ్ 14లో అయితే డెవలపర్ ఆప్షన్లలో చైల్డ్ ప్రాసెస్ రిస్ట్రిక్షన్లను ఆపేసే స్విచ్ ఉంది. బ్యాటరీ ఆప్టిమైజేషన్ నుంచి టెర్మక్స్‌ను మినహాయించడం ఎట్లాగూ తప్పదు. ఫోన్ చంపినా టీమక్స్ అవతల బతికే ఉంటుంది కాబట్టి పోయేదేమీ లేదు, చిరాకు తప్ప. ఐఫోన్ వాళ్ళకు బ్లింక్ షెల్ యాప్‌లో మోష్ ఉంది, డబ్బులు కట్టాలి.

ప్రతి సెకనుకూ వాచ్ కమాండ్ పెట్టి ఎస్‌క్యూ నడిపేవాళ్ళు దయచేసి ఆపండి. అందరూ అట్లా చేస్తే స్లర్మ్ కంట్రోలర్ జవాబు చెప్పడానికే సరిపోతుంది. జాబ్ స్క్రిప్ట్‌లో మెయిల్ టైప్ దగ్గర ఎండ్, ఫెయిల్, టైం లిమిట్ 80 పెడితే చాలు. గడువులో 80 శాతం అయిపోగానే మెయిల్ వస్తుంది. ఫోన్ మోగాలంటే ఎన్‌టిఫై అనే సర్వీసు బాగుంటుంది, వెబ్ అడ్రస్‌కు డేటా పంపే ఒక్క కర్ల్ కమాండ్‌తో నోటిఫికేషన్ పంపొచ్చు. కాకపోతే దాని పబ్లిక్ సర్వర్‌లో టాపిక్ (మెసేజ్‌లు వచ్చే ఛానెల్) పేరే పాస్‌వర్డ్ లాంటిది. ‘నల్లగొండ’ అని పెడితే ఎవరైనా చదువుతారు, ఊహకందని పేరు పెట్టండి. చాలా చోట్ల కంప్యూట్ నోడ్లకు ఇంటర్నెట్ ఉండదు, కర్ల్ అక్కడే ఆగిపోతుంది. స్క్రిప్ట్ చివరి లైన్లో మెసేజ్ పెట్టడం ఇంకో పొరపాటు. మెమరీ చాలక జాబ్‌ను చంపేసినా, నోడ్ పడిపోయినా ఆ చివరి లైన్ దాకా రాదు. మెసేజ్ రాలేదంటే నడుస్తోందని కాదు.

సొంత ల్యాబ్ నడిపేవాళ్ళు నోడ్ల కొలతలు సేకరించే ప్రొమీథియస్, వాటిని గ్రాఫులుగా చూపే గ్రఫానా కూడా పెట్టుకుంటారు. ఫోన్ బ్రౌజర్లో గ్రఫానా ప్యానెళ్ళను ఒకదాని కింద ఒకటి పేరుస్తుంది. పైన నాలుగు అంకెలుండే చిన్న డ్యాష్‌బోర్డ్ ఫోన్ కోసం విడిగా చేసుకుని, రిఫ్రెష్ ఒక నిమిషానికి పెట్టుకోండి. పోర్ట్ 3000ని నేరుగా ఇంటర్నెట్‌కు తెరవొద్దు, వైర్‌గార్డ్ వీపీఎన్ వెనక పెట్టండి.

మే నెలలో నల్లగొండ ఎండ 45 డిగ్రీల దగ్గరకు పోయే రోజుల్లో కరెంటు పోతే ఏమవుతుందో గ్రఫానా చెప్పదు. సర్వర్లు యూపీఎస్ మీద ఉంటాయి, ఏసీ ఉండదు. నోడ్లు నడుస్తూనే ఉంటాయి, గది మాత్రం నిమిషాల్లో పొయ్యి అవుతుంది. సర్వర్ గదికి ఏసీ ఇంజినీర్ల సంఘం ఆష్రే సూచించేది 18 నుంచి 27 డిగ్రీలు. లోపలికి వచ్చే గాలి 32 దాటగానే హెచ్చరిక రావాలి. ఆ హెచ్చరిక బయటికి పోవాలంటే రౌటర్, ఫైబర్ డబ్బా కూడా యూపీఎస్ మీదే ఉండాలి. చాలా ల్యాబ్‌లలో అవి గోడ సాకెట్‌కే వేలాడుతుంటాయి. అందుకే ఉల్టా పద్ధతి కూడా పెట్టాలి. ల్యాబ్ మిషన్ ప్రతి ఐదు నిమిషాలకు బయటి హెల్త్‌చెక్స్ లాంటి సర్వీసుకు ‘ఉన్నా’ అని చెప్తూ ఉంటుంది, అది ఆగిపోతే ఆ సర్వీసే ఫోన్‌కు కబురు పంపుతుంది.

ఫోన్‌కు విడిగా ఒక ఈడీ25519 రకం ఎస్ఎస్‌హెచ్ కీ, దానికి పాస్‌ఫ్రేజ్ పెట్టుకోండి. కీ చివర కామెంట్‌లో ‘ఫోన్’ అని రాసి ఉంచితే, ఫోన్ పోయిన రోజు క్లస్టర్‌లోని ఆథరైజ్డ్ కీస్ ఫైల్లో తీసేయాల్సిన లైన్ ఏదో వెతుక్కోనక్కర్లేదు. జాబ్‌ను ఆపే ఎస్‌క్యాన్సిల్ కమాండ్‌కు మైనస్ ఐతో ఒక ఏలియాస్ (మారుపేరు) కూడా పెట్టుకోండి, ప్రతి జాబ్‌కూ అడిగి మరీ క్యాన్సిల్ చేస్తుంది. జడ్చర్ల ఫ్లైఓవర్ మీద బస్సు కుదుపుకు వేలు జారితే మూడు రోజులుగా నడుస్తున్న జాబ్ పోకుండా ఉంటుంది.